మెదడువాపు వ్యాధి – పిల్లలు కోలుకునే తీరు

– తృతీయ సంవత్సరం బి.ఎస్సీ. విద్యార్థి

వ్యాధులను గురించి వ్రాసే వ్యాసాలు సాధారణంగా ఒకే దారిన నడుస్తాయి. వ్యాధి ఎట్లా వస్తుంది, లక్షణాలేమిటి, మందేమిటి, నివారణ ఏమిటి – ఈ నాలుగూ చెప్పి ముగుస్తాయి. వార్తాపత్రికల లెక్క ఇంకా పొట్టిది: ఇన్ని కేసులు, ఇన్ని మరణాలు. మెదడువాపు వ్యాధి విషయంలో ఈ లెక్క చాలదు. ఆ రెండు అంకెల మధ్య మూడో అంకె ఒకటి ఉంది. బతికి ఇంటికి వచ్చిన పిల్లలది ఆ అంకె. వాళ్ళు తర్వాత ఏమవుతారు? ఎంతవరకు కోలుకుంటారు? ఎన్నాళ్ళకు కోలుకుంటారు? ఇంట్లోవాళ్ళూ బడిలోవాళ్ళూ చేయగలిగింది ఏమైనా ఉందా? ఈ ప్రశ్నలకు శాస్త్రం చెప్పే జవాబులను తోటి విద్యార్థుల ముందుంచడమే ఈ వ్యాసం ఉద్దేశం. మాది సాగర్ ఎడమ కాలువ కింద వరి పండించే కుటుంబం. మా దగ్గరి బంధువుల ఇంట్లోనే ఒక పిల్లవాడికి ఈ వ్యాధి వచ్చింది. కాబట్టి పుస్తకంలో చదివిన దానితో పాటు కళ్ళారా చూసినది కూడా కొంత వ్రాస్తాను.

వాపు అంటే ఏమిటి?

కాలికి ముల్లు గుచ్చుకుంటే ఆ చోట ఎర్రబడి, వేడెక్కి, ఉబ్బుతుంది. రక్తంలోని తెల్ల కణాలు అక్కడికి చేరి పోరాడటం వల్ల కలిగే మార్పు అది. ఇదే మార్పు మెదడు కణజాలంలో జరిగితే దాన్ని ఎన్‌సెఫలైటిస్ అంటారు. మెదడును కప్పి ఉన్న పొరలకు వాపు వస్తే మెనింజైటిస్ అంటారు. ఒక్కొక్కప్పుడు రెండూ కలిసే వస్తాయి.

కాలు ఉబ్బితే చర్మం సాగుతుంది. పుర్రె సాగదు. ఉబ్బిన మెదడుకు చోటు చాలక లోపల ఒత్తిడి పెరుగుతుంది. రక్తం సరిగా అందదు. దానికి తోడు ఫిట్సు వస్తే కణాలకు ఆక్సిజన్, గ్లూకోజ్ ఇంకా ఎక్కువ కావలసి వస్తాయి, అందేవి మాత్రం తక్కువ. అంటే మెదడుకు నష్టం రెండు విధాలుగా జరుగుతుందన్నమాట. మొదటిది వైరస్ నేరుగా చేసే నష్టం. రెండవది ఒత్తిడి, ఫిట్సు, ఊపిరాడకపోవడం వల్ల కలిగే నష్టం. మొదటిదాన్ని ఆపే మందు చాలా వైరస్‌లకు లేదు. రెండవదాన్ని తగ్గించడం ఆస్పత్రివారి చేతిలో ఉంది. జ్వరంతో ఉన్న పిల్లవాడు మగతగా పడి ఉన్నా, పొంతన లేకుండా మాట్లాడుతున్నా, ఫిట్సు వచ్చినా ఒక్క పూట కూడా ఆలస్యం చేయకూడదని డాక్టర్లు చెప్పడానికి కారణం ఇదే. మన ఊళ్ళల్లో "గాలి సోకింది" అని తాయెత్తు కట్టించే సమయమంతా ఈ రెండవ నష్టం ఖాతాలో పడుతుంది.

ఎవరెవరు కారకులు?

మెదడువాపుకు కారణం ఒక్కటి కాదు. మన ప్రాంతానికి సంబంధించినంతవరకు ముఖ్యంగా చెప్పుకోవలసినవి రెండు.

మొదటిది జపనీస్ ఎన్‌సెఫలైటిస్. 1924లో జపానులో ఇది పెద్ద ఎత్తున వచ్చింది. 1935లో వైరస్‌ను వేరు చేశారు. మన దేశంలో దీని ఉనికి 1955లో తమిళనాడులోని వేలూరులో బయటపడింది. 1973లో పశ్చిమ బెంగాల్‌లోని బాంకురా, బర్ద్వాన్ జిల్లాల్లో విజృంభించింది. 1999లో ఆంధ్రప్రదేశ్‌లోను, 2005లో ఉత్తరప్రదేశ్‌లోని గోరఖ్‌పూర్ ప్రాంతంలోను వచ్చినప్పుడు ఎందరో పిల్లలు చనిపోయారు.

దీని జీవితచక్రం జంతుశాస్త్ర విద్యార్థులకు ఆసక్తికరమైనది. వైరస్ కొంగల వంటి నీటి పక్షుల్లోను, పందుల్లోను పెరుగుతుంది. వరి మడుల్లో నిలిచిన నీటిలో గుడ్లు పెట్టే క్యూలెక్స్ జాతి దోమలు దాన్ని ఒక జంతువు నుంచి మరొక దానికి చేరవేస్తాయి. ఈ దోమలు సాయంకాలం నుంచి రాత్రంతా కుడతాయి. మనిషి ఈ చక్రంలో ప్రమాదవశాత్తు ఇరుక్కున్నవాడే. మనిషి రక్తంలో వైరస్ దోమకు అంటుకునేంతగా పెరగదు కాబట్టి మనిషి నుంచి మనిషికి ఇది సోకదు. రోగి మంచం దగ్గర కూర్చోవడానికి ఎవ్వరూ భయపడనక్కరలేదు. వైరస్ సోకిన ప్రతి 250 మందిలో దాదాపు ఒక్కరికే తీవ్రమైన వ్యాధి వస్తుంది. కాని ఆ వచ్చినవారిలో మరణాలు నూటికి 30 దాకా ఉంటాయి. బతికినవారిలో నూటికి 20 నుంచి 30 మందికి శాశ్వతమైన లోపం మిగులుతుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెబుతోంది.

రెండవది చండీపుర వైరస్. మహారాష్ట్రలో నాగపూర్ దగ్గరున్న ఒక ఊరి పేరది. 1965లో అక్కడ జ్వరం వచ్చిన ఇద్దరి రక్తం నుంచి దీన్ని వేరు చేశారు. 2003 జూన్–ఆగస్టు నెలల్లో ఇది ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌ను వణికించింది. వ్యాధి సోకిన 329 మంది పిల్లలలో 183 మంది మరణించారు. ఇసుక ఈగలు దీన్ని మోస్తాయి. ఇది 2024లో గుజరాత్‌లో మళ్ళీ తలెత్తింది.

హెర్పిస్ వైరస్ వల్ల వచ్చే మెదడువాపు వేరు. మందు లేని రోజుల్లో అందులో నూటికి 70 మంది దాకా చనిపోయేవారు. 1980ల మధ్యకాలంలో అసైక్లోవిర్ వచ్చాక మరణాలు మూడోవంతు కంటే తక్కువకు తగ్గాయి. ఇక శరీరంలోని రక్షణ వ్యవస్థే పొరపాటున మెదడు మీద దాడి చేసే రకం ఒకటుంది. అందులో ముఖ్యమైన దాన్ని 2007లో గుర్తించారు. సరైన చికిత్స అందితే ఎక్కువమంది బాగుపడతారు. ఆ బాగుపడటం 18 నెలల దాకా సాగుతూనే ఉంటుందని 2013లో వెలువడిన పెద్ద అధ్యయనం తేల్చింది. కాబట్టి వెన్నులో నీరు తీసి పరీక్ష చేస్తామని డాక్టరు అంటే భయపడి అడ్డు చెప్పకూడదు. ఏ రకమో తెలిస్తేనే మందున్న రకానికి మందు పడుతుంది.

కోలుకోవడం ఎట్లా జరుగుతుంది?

కోలుకోవడం ఒక్కరోజున జరిగే సంఘటన కాదు. దానిలో మూడు దశలున్నాయి.

మొదటి దశలో వాపు తగ్గుతుంది. నీరు తీసేసిన మడిలో మునిగిన మొక్కలు తేలినట్లు, ఒత్తిడికి మూగబోయిన కణాలు తిరిగి పనిచేయడం మొదలుపెడతాయి. పిల్లవాడు కళ్ళు తెరుస్తాడు, గుటక వేస్తాడు, తల్లిని గుర్తుపడతాడు. ఇది రోజుల్లో, వారాల్లో జరిగే మార్పు. చూసేవారికి అద్భుతంగా కనిపించేది ఇదే.

రెండవ దశ నెమ్మదిగా జరుగుతుంది. చచ్చిపోయిన నాడీకణాలు తిరిగి పుట్టవు. అయితే మిగిలిన కణాలు కొత్త శాఖలు చాచి, చచ్చినవాటి పనిని కొంతవరకు నెత్తిన వేసుకుంటాయి. రైతుబిడ్డలకు దీన్ని వరితో పోల్చి చెప్పవచ్చు. పిలకల దశలో పురుగు తొలిచి మొవ్వు చనిపోతే పైరు పక్కన కొత్త పిలక వేసి సర్దుకుంటుంది. మెదడు కొత్త పిలక వేయలేదు గాని ఉన్న పిలకలనే గుబురుగా పెంచుకుంటుంది. అయితే ఈ కొత్త దారులు ఊరికే ఏర్పడవు. ఏ పనిని మళ్ళీ మళ్ళీ చేయిస్తామో ఆ పనికి సంబంధించిన దారే బలపడుతుంది. ఫిజియోథెరపీ, మాటల శిక్షణ అనేవి ఈ సూత్రం మీద ఆధారపడినవే. పడకలో ఉన్న పిల్లవాడి కాళ్ళూ చేతులూ రోజూ మెల్లగా వంచి చాపడం కూడా చికిత్సే. అది చేయకపోతే కండరాలు కుంచించుకుపోయి, మెదడు కోలుకున్నా కీలు కదలదు.

మూడవ దశను మనం సాధారణంగా గుర్తించము. నడక, మాట వచ్చాక అందరూ "బాగైపోయాడు" అనుకుంటారు. కాని జ్ఞాపకశక్తి, ఏకాగ్రత, కోపాన్ని అదుపులో పెట్టుకోవడం, ఆలోచించి పని మొదలుపెట్టడం – ఇవి పైకి కనిపించవు. ఐదేళ్ళవాడికి లెక్కల్లో పెద్ద పని ఉండదు కాబట్టి లోపం తెలియదు. పదేళ్ళు వచ్చి భాగహారాలు చేయవలసి వచ్చినప్పుడు తెలుస్తుంది. చిన్న వయస్సులో మెదడుకు సర్దుకునే శక్తి ఎక్కువే. కాని ఇంకా నేర్చుకోని విద్యలు దెబ్బతిన్న చోటే మొలవవలసి ఉంటుంది కనుక చిన్నతనం వల్ల లాభం, నష్టం రెండూ ఉన్నాయి.

ఒక అధ్యయనం చెప్పిన అంకెలు

మలేషియాలోని సరావాక్‌లో 1997 నుంచి 2005 వరకు జపనీస్ ఎన్‌సెఫలైటిస్‌తో ఆస్పత్రిలో చేరిన 118 మంది పిల్లలను డాక్టర్లు ఏళ్ళ తరబడి పరిశీలించారు. అందులో 10 మంది ఆస్పత్రిలోనే చనిపోయారు. బతికిన 108 మందిలో ఇంటికి వెళ్ళేనాటికి 44 మంది పూర్తిగా బాగున్నట్లు కనిపించారు. ముగ్గురికి కొద్దిపాటి లోపం, 28 మందికి మధ్యస్థమైన లోపం, 33 మందికి తీవ్రమైన లోపం ఉన్నాయి.

ఇక్కడితో ఆగితే ఇది మామూలు ఆస్పత్రి లెక్క. వాళ్ళు ఆగలేదు. 86 మందిని తర్వాత కూడా పిలిచి చూశారు. వారిలో 31 మంది ఇంకా మెరుగయ్యారు. 15 మంది మాత్రం ఇంటికి వెళ్ళిననాటి కంటే దిగజారారు. సగం మందికి పైగా ప్రవర్తనలోనో తెలివితేటల్లోనో ఇబ్బంది కొనసాగింది. ఇంటికి వచ్చిన తర్వాత మూడు నుంచి ఆరు నెలల మధ్య పిల్లవాడు ఎట్లా ఉన్నాడో చూస్తే, ఎక్కువమంది విషయంలో మున్ముందు ఎట్లా ఉండబోతున్నాడో అంచనా వేయవచ్చని కూడా వారు తేల్చారు.

ఈ అంకెల్లో నిరాశకు, ఆశకు రెండింటికీ చోటుంది. డిశ్చార్జి కాగితం మీద వ్రాసిన మాట ఆఖరి తీర్పు కాదని 31 మంది చెబుతున్నారు. డిశ్చార్జి అయ్యాక నిర్లక్ష్యం పనికిరాదని 15 మంది చెబుతున్నారు. మొదటి ఆరు నెలలు ఎంత ముఖ్యమో దీన్నిబట్టి తెలియవస్తుంది. మన దగ్గర సరిగ్గా ఆ ఆరు నెలల్లోనే కుటుంబం అప్పుల్లో, పొలం పనుల్లో మునిగి ఉంటుంది.

మా మేనమామ కొడుకు

మూడేళ్ళ కిందట కార్తీకమాసంలో మా మేనమామ కొడుకుకు ఏడో ఏట ఈ వ్యాధి వచ్చింది. మూడు రోజులు జ్వరం, వాంతులు. నాలుగో రోజు తెల్లవారుజామున ఫిట్సు. పట్నంలోని పెద్దాస్పత్రిలో 24 రోజులు ఉంచారు. వెన్నునీటి పరీక్షలో జపనీస్ ఎన్‌సెఫలైటిస్ అని తేలింది. ముక్కు గొట్టంతో ఇంటికి పంపించారు. ప్రాక్టికల్ రికార్డు వ్రాసే అలవాటు కొద్దీ, సెలవులకు వెళ్ళినప్పుడల్లా వాడి సంగతి ఒక నోటుబుక్కులో వ్రాసి పెట్టాను. దాని సారాంశం ఇది.

మొదటి నెల: మెడ నిలబడదు. ముఖంలో కదలిక లేదు, ముసుగు వేసినట్లుంది. అత్తయ్య రోజుకు ఆరుసార్లు గొట్టంలోంచి పాలు, జావ పోసేది.

రెండో నెల: గొట్టం తీసేశారు. దిండ్లు ఆనించి కూర్చోబెడితే మెత్తటి అన్నం మింగుతున్నాడు.

మూడో నెల: గోడ పట్టుకుని నిలబడ్డాడు. మాట మొదలైంది. అన్నిటికీ ఒకటే మాట – "నీళ్ళు". అన్నం కావాలన్నా నీళ్ళే, దీపం ఆర్పమన్నా నీళ్ళే. ఏమనాలో వాడికి తెలుసు, ఆ మాట నోటికి దొరకదు. వస్తువు చేతికిచ్చి దాని పేరు పదిసార్లు పలికించమని మాటల శిక్షణ ఇచ్చే ఆమె చెప్పింది. చెంబు, తాడు, గంప, చెప్పు – అత్తయ్యకు ఇంట్లో వస్తువులే వాచకమయ్యాయి.

ఐదో నెల: నడుస్తున్నాడు. కుడి కాలు ఈడుస్తాడు. ఎడమ చేత్తో తింటున్నాడు.

ఏడో నెల: బడికి పంపారు.

తొమ్మిదో నెల: నాట్ల హడావిడిలో ఫిట్సు మాత్రలు అయిపోయాయి. ఎనిమిది రోజులు ఎవరూ తేలేదు. తొమ్మిదో రోజు మళ్ళీ ఫిట్సు వచ్చాయి. బాగానే ఉన్నాడు కదా అని ఈ మాత్రలు ఆపకూడదు. ఆపవలసి వస్తే డాక్టరు చెప్పిన ప్రకారం కొద్దికొద్దిగా తగ్గించాలి.

శరీరం కంటే ఎక్కువ చిక్కు తెచ్చింది వాడి కోపం. అడిగింది ఇవ్వకపోతే పళ్ళెం విసిరేవాడు, చెల్లెల్ని కొట్టేవాడు. "పిల్లగానికి మొండితనం ఎక్కువైంది బిడ్డా, రెండు తగిలిస్తే కుదురుతడు" అనేది అమ్మమ్మ. ఇది మొండితనం కాదనీ, కోపాన్ని ఆపే పగ్గం మెదడులో వదులైందనీ ఆమెకు నచ్చచెప్పడానికి చాలా రోజులు పట్టింది. చివరకు ఆమే ఒక ఉపాయం కనిపెట్టింది. వాడికి కోపం వచ్చే సూచన కనపడగానే చేయి పట్టుకుని దొడ్లోకి తీసుకుపోయి ఎడ్లకు గడ్డి వేయించేది. గొడవ నుంచి పక్కకు తప్పించి చేతికి పని ఇవ్వడం డాక్టర్లు కూడా చెప్పే పద్ధతేనని తర్వాత చదివాను.

ఇప్పుడు వాడికి పదేళ్ళు. ఈడు పిల్లల కంటే రెండు తరగతులు వెనుక ఉన్నాడు. కథ చెబితే వింటాడు, మర్నాటికి సగం మరిచిపోతాడు. "బావా, నాకు ఎక్కాలు వస్తలేవు. ఎడ్లను మాత్రం నేనే కడత" అంటాడు. నిజమే, ఎడ్లను వాడే కడతాడు. అది వాడి కోలుకోవడంలో భాగమే. ఎక్కాలు రాకపోవడం కూడా నిజమే. రెంటిలో ఏ ఒక్కటి చెప్పి ఊరుకున్నా వాడి గురించి సగమే చెప్పినట్లు.

ఇంట్లో వేసుకోదగిన ప్రశ్నలు

కోలుకున్నది ఎంతో తెలుసుకోవడానికి స్కానింగులే అక్కరలేదు. లివర్‌పూల్ స్కోరు అనే పద్ధతి ఒకటుంది. మలేషియాలోను, మన దేశంలోను మెదడువాపు వచ్చిన పిల్లలతో పనిచేసి, యంత్రాలు లేని చోట కూడా ఉపయోగపడేట్లు దీన్ని తయారుచేశారు. తల్లిదండ్రులను కొన్ని ప్రశ్నలు అడుగుతారు, పిల్లవాడి చేత కొన్ని పనులు చేయించి చూస్తారు. ఆ తరహా ప్రశ్నలను మన ఇళ్ళకు తగినట్లు ఇట్లా వేసుకోవచ్చు:

1. ఈడు పిల్లల్లాగా మాట్లాడుతున్నాడా?
2. తన చేత్తో తాను తింటున్నాడా?
3. ఇంట్లోవాళ్ళను కాక బయటివాళ్ళను కూడా గుర్తుపడుతున్నాడా?
4. ఒంటరిగా వదిలితే ప్రమాదం లేకుండా ఉండగలడా?
5. బట్టలు తానే వేసుకుంటాడా? దొడ్డికి వెళ్ళాలని చెబుతాడా?
6. ఫిట్సు వస్తున్నాయా? ఎన్నాళ్ళకొకసారి?
7. ప్రవర్తన మునుపటిలా ఉందా?
8. బడిలో తోటివారితో సమానంగా ఉన్నాడా?
9. కూర్చున్నచోటి నుంచి లేచి, నడిచి, రెండు చేతులూ తలమీద పెట్టుకోగలడా? కిందపడిన చిన్న గింజను వేళ్ళతో తీయగలడా?

జవాబులను తేదీ వేసి నెలకొకసారి వ్రాసిపెడితే డాక్టరుకు ఎంతో ఉపయోగం. ముందు నెల చేసిన పని ఈ నెల చేయలేకపోతే వెంటనే చూపించాలి.

బడి చేయగలిగింది

ఉపాధ్యాయులు కాబోయే మిత్రులు మనలో చాలామంది ఉన్నారు. ఇట్లాంటి పిల్లవాడు తరగతిలో ఉంటే ముందు వరుసలో కూర్చోబెట్టాలి. మొదట్లో ఒక పూట చాలు, త్వరగా అలసిపోతాడు. ఒకేసారి మూడు పనులు చెప్పకుండా ఒకటి అయ్యాక మరొకటి చెప్పాలి. వ్రాయలేనివాడిని నోటితో చెప్పనివ్వాలి. మా మేనమామ కొడుకు వాళ్ళ పంతులుగారు ఇవన్నీ ఎవరూ చెప్పకుండానే చేశారు. వాడు బడి మానకుండా నిలిచింది ఆయన వల్లనే.

సహాయం దొరికే చోట్లు కూడా తెలుసుకోవాలి. 2013లో మొదలైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద పిల్లల్లో ఎదుగుదల లోపాలను గుర్తించి చికిత్స చేసే కేంద్రాలు జిల్లాల్లో ఏర్పడ్డాయి. ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం మండలాల్లో భవిత కేంద్రాలున్నాయి. 2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం ప్రకారం, నిర్ణీత స్థాయి వైకల్యం ఉన్న 6 నుంచి 18 ఏళ్ళ పిల్లలకు దగ్గరి బడిలో ఉచితంగా చదువుకునే హక్కు ఉంది. ఈ మూడు సంగతులూ మా మామయ్యకు ఏడాది దాకా తెలియవు.

రాకుండా చూడటం

జపనీస్ ఎన్‌సెఫలైటిస్‌కు టీకా ఉంది. 2006 నుంచి వ్యాధి ఎక్కువగా ఉన్న జిల్లాల్లో పిల్లలకు ప్రభుత్వం వేయిస్తోంది. అక్కడ తొమ్మిది నెలలు నిండాక ఒకటి, 16–24 నెలల మధ్య మరొకటి వేస్తారు. హైదరాబాదులోని భారత్ బయోటెక్ సంస్థ తయారుచేసిన జెన్‌వాక్ టీకా 2013లో వెలువడింది. దానికి మూలమైన వైరస్ కర్ణాటకలోని కోలారులో దొరికినది. పందులను ఇళ్ళకు దూరంగా ఉంచడం, పిల్లలను దోమతెరలో పడుకోబెట్టడం, వరికి ఎప్పుడూ నీరు నిలవగట్టకుండా తడి ఆరిన తర్వాత మళ్ళీ తడి ఇవ్వడం – ఇవి రైతులు చేయగలిగినవి. చివరి పద్ధతిలో నీరు కూడా ఆదా అవుతుంది.

మనం చేయగలిగింది

డాక్టరు చదువు చదవని మనం ఏం చేయగలమని అనిపించవచ్చు. ఎన్.ఎస్.ఎస్. శిబిరాలకు ఊళ్ళకు వెళ్ళినప్పుడు రోడ్లు ఊడుస్తాం, చెట్లు నాటుతాం. దానితో పాటు ఒక పని పెట్టుకోవచ్చు. ఆ ఊళ్ళో మెదడువాపు వచ్చి తగ్గిన పిల్లలు ఎవరైనా ఉన్నారా అని ఆశా కార్యకర్తను అడుగుదాం. ఉంటే ఆ ఇంటికి వెళ్ళి పైన చెప్పిన తొమ్మిది ప్రశ్నలు అడుగుదాం. జవాబులు ఒక కాగితం మీద వ్రాసి, తేదీ వేసి, తల్లి చేతికి ఇద్దాం. మాత్రలు ఆపారేమో కనుక్కుందాం. బడి మానేసి ఉంటే పంతులుగారితో మాట్లాడదాం. భవిత కేంద్రం ఎక్కడుందో చెప్పి, వీలైతే మొదటిసారి మనమే వెంట వెళదాం. ఒక్క సాయంత్రం పని అది. ఆ ఇంట్లో వాళ్ళకు అది ఒక ఏడాది కలిసి రావచ్చు.